తినకుండా ఎట్లా తెలిసింది?

మొన్న మిర్యాలగూడలో ఒక గృహప్రవేశానికి వెళ్ళి కోపంతో తిరిగి వచ్చాను. భోజనం బాగాలేక కాదు. నా పక్కన కూర్చున్నాయన కోదాడవాడు, మా అమ్మ తరఫు చుట్టం, నాకంటే బాగా చిన్న. విస్తట్లో ఉల్లికాడల పప్పు పడగానే కలిపి, ఒక ముద్ద నోట్లో పెట్టుకొని పెదవి విరిచాడు. "ఇదేం పప్పండీ, లేతా ముదురూ చూడకుండా అన్నీ కలిపి తరిగేశారు. మా నాయనమ్మ ఉంటేనా, చేత్తో నలిపి ఏది పప్పుకి, ఏది వేపుడికి, ఏది పులుసుకి అని విడదీసి పెట్టేదట. మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు" అన్నాడు. వాళ్ళ నాయనమ్మ నాకు తెలుసు. ఆమె ఇంట్లో నేను ఒక చలికాలం ఉన్నాను. ఆమె చేత్తో నలిపి విడదీయడం నేనెన్నడూ చూడలేదు. విడదీసిన మనిషి వేరు. ఆ విద్య తెలిసినందుకే ఆ మనిషిని ఆ ఇంట్లో దోషిగా నిలబెట్టారు. ఎనభై దాటిన దాన్ని, పదిమంది తింటున్న చోట గొంతు పెంచితే బాగుండదని మజ్జిగన్నం కలపకుండానే చెయ్యి కడుక్కొని లేచాను. దారి పొడుగునా కారులో నా మనవరాలు "ఏమైంది నానమ్మా" అని అడుగుతూనే ఉంది. ఇది ఆమెకు నేను చెప్పిన జవాబు. కొంచెం పొడుగైంది.

ఆ మనిషి మా సత్తెమ్మత్త, మా నాన్న చెల్లెలు. పాలకీడుకు కోడలుగా వెళ్ళి, కాపురం కుదురుకునే లోపే మొగుడు జ్వరంతో పోతే, సూర్యాపేటలో మా ఇంటికి తిరిగి వచ్చింది. నాకు ఊహ తెలిసేటప్పటికే మా వంటిల్లు ఆమె చేతిలో ఉంది. మా ఇళ్ళలో ఉల్లి నిషేధం కాదు. మగవాళ్ళు తింటారు, ముత్తయిదువలు తింటారు, పిల్లలు తింటారు. ఏకాదశికీ తద్దినానికీ మానేస్తారు, అంతే. మొగుడు పోయిన ఆడది మాత్రం ఇక బతికినన్నాళ్ళూ ముట్టకూడదు. ముట్టకూడదంటే తినకూడదని అర్థం, వండి పెట్టకూడదని కాదు. ఈ తేడా ఎవరు కనిపెట్టారో తెలియదు గాని, తిండి మీద బాగా యావ ఉన్నవాడై ఉంటాడు. ఉల్లి వండటానికి పెరట్లో చూరు కింద వేరే పొయ్యి, వేరే ఇనుప మూకుడు, వేరే గరిటె. అక్కడ వండి దించి, బావి దగ్గర చన్నీళ్ళు పోసుకొని, చీర మార్చుకొని, అప్పుడు గాని ఆమె లోపలి వంటింట్లోకి అడుగు పెట్టకూడదు. ఉల్లికాడలు బాగా వచ్చేది చలికాలంలోనే. మా నాన్నకు వాటి మీద మనసు పోయేదీ అప్పుడే. నాన్న మంచివాడు, చెల్లెలిని ఒక్క మాట అనేవాడు కాదు. కానీ పొద్దున్నే ఆమె వణుకుతూ తల తుడుచుకోవడం కళ్ళారా చూసి కూడా, "ఇయ్యాల వద్దులే" అన్న రోజు నాకు గుర్తు లేదు.

మా వైపు ఉల్లికాడలను ఉల్లిపొరక అంటారు. బజారులో అన్నీ ఒకే తీరు కట్టలు, పైకి అన్నీ పచ్చగానే కనబడతాయి. సత్తెమ్మత్త కట్ట విప్పి చేటలో పరిచి, ఒక్కొక్క మొక్కనూ వేరు దగ్గర పట్టుకొని చూసేది. విత్తనం చల్లితే మొలిచే నారు ఒక రకం. మళ్ళలో ఒత్తుగా ఉన్న చోట పీకి అమ్ముతారు. సన్నగా, అడుగున గడ్డ లేకుండా తెల్లగా ఉంటుంది, వేళ్ళ మధ్య నలిపితే చప్పుడు లేకుండా నలిగిపోతుంది. అది పప్పులోకి, అదీ పప్పు ఉడికి దించబోయే ముందు. పాత గడ్డను భూమిలో పాతితే ఒకే గడ్డ నుంచి నాలుగైదు పిలకలుగా వచ్చేది ఇంకొక రకం. చూడటానికి నారుకంటే నిగనిగలాడుతుంది. అడుగున ఎండిన పొర ఒలిచేసి, పిలకలు విడదీసి, కడిగి కట్ట కడితే దాన్ని నారే అనుకుంటాం. నలిపితే మాత్రం పుటుక్కుమంటుంది, ఘాటు కళ్ళకు కొడుతుంది. మధ్యలో పూలకాడ గనక లేచి ఉంటే ఎంత ఉడికించినా పీచే. ఆ కాడ తీసేసి, నూనెలో బాగా మగ్గించి, శనగపిండి చల్లి వేపుడు చేయాలి. ఇక నాటిన నారు గోలీకాయంత గడ్డ కట్టగానే పీకితే, ఆ పసిగడ్డలు తోకలతో సహా పులుసులోకి. వెల్లుల్లి పొరక కూడా అప్పుడప్పుడు కలిసి వచ్చేది గాని దాన్ని చిన్నపిల్లలు కూడా గుర్తుపడతారు, ఉల్లి ఆకు లోపల బోలుగా ఉంటుంది, వెల్లుల్లి ఆకు బల్లపరుపుగా ఉంటుంది. నారు దగ్గరా, పాత గడ్డ పిలకల దగ్గరా ఎవరైనా మోసపోతారు. అత్త మోసపోయేది కాదు. ఆమె వేళ్ళకు ఎప్పుడూ ఆ పచ్చి వాసన ఉండేది. లోపల పూజ సామాను తోమాలి కాబట్టి చింతపండు పిప్పితో, బూడిదతో చర్మం ఎర్రబడేలా రుద్దుకునేది. అయినా పూర్తిగా పోయేది కాదు. ఆ చేతులతో నాకు జడ వేస్తే జడంతా అదే వాసన.

నాకు తొమ్మిదో పదో ఏడు నడుస్తుండగా సూర్యాపేట చుట్టుపక్కల రజాకార్ల భయం ముదిరింది. ఆత్మకూరు వైపు నుంచి మనుషులు మూటలు నెత్తిన పెట్టుకొని వచ్చి మా వీధి అరుగుల మీద తలదాచుకునేవారు. ఆడవాళ్ళను అక్కడ ఉంచడం మంచిది కాదని నాన్న అమ్మనూ, నన్నూ, సత్తెమ్మత్తనూ కోదాడ పంపించాడు. కోదాడ దాటి కొంచెం పోతే నిజాం సరిహద్దు అయిపోతుంది, మరీ ముంచుకొస్తే అవతలికి వెళ్ళిపోవచ్చు. అక్కడ మా అమ్మ పినతల్లి ఇల్లు ఉంది. మొన్న పెదవి విరిచినాయన నాయనమ్మ ఈమే. ఆమెను నేను కోదాడమ్మమ్మ అనేదాన్ని, ఆమె భర్తను తాతయ్య అనేదాన్ని. పెద్ద ఇల్లు, పెద్ద పూజగది, అంతకంటే పెద్ద ఆచారం. వాళ్ళ మాట కొంచెం ఆంధ్ర వైపు ఒరిగి ఉండేది, మేం "గిట్ల, గట్ల" అంటే మూతి ముడిచి నవ్వేవారు. వెళ్ళిన కొద్ది రోజులకే వంట అంతా అత్త మీద పడింది. ఊరికే తింటున్నారని ఎవరూ అనలేదు, అనాల్సిన అవసరం రాకుండా ఆమే చూసుకుంది. లోపల దేవుడికి నైవేద్యం, బయట తాతయ్యకు ఉల్లిపొరక, మధ్యలో బావి. తాతయ్య గంటలకొద్దీ జపం చేసే మనిషి. జపం ముగించి పీట మీద కూర్చోగానే మొదట చూసేది పెరటి గుమ్మం వైపే, మూకుడు వస్తున్నదా లేదా అని. ఆ ఇంటి నిష్ఠనంతా బావినీళ్ళలో తడిసి మోసింది మాత్రం మా అత్త.

ఒకరోజు తాతయ్య స్నేహితులు ఇద్దరు భోజనానికి వచ్చారు. అమ్మమ్మ స్వయంగా వీధిలో బేరమాడి కొన్న కట్టలు తెచ్చి అత్త ముందు పడేసింది.

"లేత నారు. పప్పులో వెయ్యి. ఆయనకి అదే ఇష్టం" అంది.

అత్త ఒక మొక్క తీసి నలిపింది. ఇంకొకటి తీసి నలిపింది.

"ఇది నారు కాదమ్మా. పాత గడ్డకు మొలిసిన పొరక. పిలకలు ఇడదీసి కట్టిండ్రు. పప్పుల ఏస్తే ఘాటుంటది, తాతయ్య కడుపుకు పడదు. ఏపుడు చేస్త" అంది.

"నారంటే ఏంటో నాకు తెలీదా? చెప్పింది చెయ్యి."

అత్త పూలకాడలు వీలైనన్ని ఏరి తీసేసి, చెప్పినట్టే పప్పులో వేసింది. వడ్డించారు. తాతయ్య మొదటి ముద్దకే ఆగిపోయాడు. స్నేహితుల్లో ఒకాయనకు దగ్గు వచ్చింది, ఇంకొకాయన నోట్లోంచి పీచు తీసి విస్తరి అంచున పెట్టాడు. "ఏంటిది, ఇట్లా ఉంది?" అన్నాడు తాతయ్య. వడ్డిస్తున్న మా అమ్మ, తప్పు ఆడబిడ్డ మీదికి రాకూడదని ఉన్నమాట చెప్పింది. "సత్తెమ్మ ముందే సెప్పింది చిన్నాయనా, ఇది పప్పుకు పనికిరాదని. చేత్తోని నలిపి సెప్పింది." తాతయ్య పెళ్ళాం వైపు తిరిగి, స్నేహితులు వింటుండగా, "ఆ అమ్మాయికి తెలిసింది, ఇన్నేళ్ళు సంసారం చేసి నీకు తెలీలేదా?" అన్నాడు. నలుగురిలో అంత మాట పడాల్సి వచ్చినందుకు ఆమెకు కోపం రావడం న్యాయమే. అన్నది మొగుడు. ఆ కోపం ఆయన మీదికి పోలేదు. అలాంటి కోపాలు ఎప్పుడూ తిరిగి ఏమీ అనలేని వాళ్ళ మీదికే పోతాయి.

అమ్మమ్మ నెయ్యిగిన్నె కింద పెట్టింది. "రోజూ రుచి చూసేవాళ్ళకి తెలియకుండా ఎలా ఉంటుంది? ఏది తియ్యన, ఏది ఘాటు అని తినకుండా ఎవరికైనా తెలుస్తుందా? మీరే చెప్పండి" అంది.

ఆ మాటకు ఆ ఇంట్లో ఏమి అర్థమో అందరికీ తెలుసు. అత్త ఉల్లి తిన్నదంటే, అదే నోటితో అదే చేతులతో ఇన్నాళ్ళూ దేవుడికి వండిందంతా మైల అని. తాతయ్య చేతిలో ముద్ద విస్తట్లో వదిలేసి లేచాడు. ఉల్లిపాయ ఘాటుకు లేవని మనిషి ఈ మాటకు లేచాడు.

స్నేహితులు వెళ్ళిపోయాక అత్తను పెరటి గుమ్మం దగ్గర నిలబెట్టారు. అమ్మా నేనూ పక్కనే ఉన్నాం. బావి దగ్గర నుంచి తిన్నగా పిలిచారు కాబట్టి అత్త చీర ఇంకా తడిగానే ఉంది.

"తినకుండా ఎట్లా తెలిసిందే నీకు?" అని అడిగింది అమ్మమ్మ.

అత్త కొంగు పిండుకుంటూ నెమ్మదిగానే చెప్పింది. "నేను పుట్టంగనే గిట్ల పుట్టిన్నా అమ్మా? సిన్నప్పుడు తిన్న. పాలకీడుల మా అత్తగారోళ్ళకు ఉల్లిమళ్ళుండె. ఆయన పొద్దుగాల మడికాడికి పోయి, వచ్చేటప్పుడు పిడికెడు పొరక పీక్కొస్తుండె. నారేదో, గడ్డకు మొలిసిందేదో ఆయనే నలిపి సూపెట్టిండు. ఆయన పోయిన కాడ్నించి నోట్ల పెట్టలె. నోట్ల పెట్టకుంటే మర్సిపోతరా?"

ఆమె తన మొగుడి గురించి మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి. అతనికి ఒక ఉల్లిమడి ఉండేదని, పెళ్ళాం కోసం పిడికెడు పొరక తెచ్చేవాడని అప్పటిదాకా నాకు తెలియదు. మా అమ్మ ముఖం తిప్పుకుంది. అమ్మమ్మ మాత్రం తిప్పుకోలేదు.

"ఇన్నేళ్ళయినా ఆ రుచి మనసులో దాచుకున్నావంటే తిన్నట్టే లెక్క" అంది.

ఈ మాటను నేను ఇన్ని దశాబ్దాలుగా అటూ ఇటూ తిప్పి చూస్తున్నాను, నా కోపం చల్లారలేదు. మనిషి కంచంలోంచి తిండి తీసేశారు. ఒంటి మీద రంగు తీసేశారు. అవన్నీ ఆమె ఇచ్చేసింది, పేచీ పెట్టలేదు. చివరికి చచ్చిపోయిన మొగుడు చెప్పిన ఒక చిన్న సంగతి ఆమెకు గుర్తుండటం కూడా దొంగతనమేనట. మరి ఆ గుర్తు మీదనే కదా వీళ్ళు రోజూ లొట్టలు వేసుకుంటూ తిన్నది. అమ్మమ్మ చెడ్డ మనిషని నేను అనను. నాకు జ్వరం వస్తే పక్కన కూర్చొని తడిగుడ్డ వేసింది. కానీ మంచివాళ్ళు ఆచారం పేరు చెప్పి చేసినంత చెడ్డపని, ఆచారం లేనివాళ్ళు చేయడం నేను చూడలేదు.

తాతయ్య తీర్పు చెప్పాడు. అత్త వంటింటి గడప తొక్కకూడదు, పాలకీడు కబురు చేసి ఆమెను అత్తగారింటికి పంపించేయాలి. పాలకీడులో అప్పటికి ఆమెకు ఎవరున్నారని? మొగుడు పోయిన నెలలోపే ఆమెను బండి ఎక్కించి పంపినవాళ్ళు. పైగా ఊళ్ళు ఖాళీ అవుతున్న రోజులు, దారుల్లో మగవాళ్ళే పదిమంది గుంపుగా తప్ప నడవని రోజులు. అమ్మ కాళ్ళావేళ్ళా పడితే, కబురు తిరిగి వచ్చేదాకా పెరటి చివర కొట్టంలో ఉండనిచ్చారు. పురోహితుణ్ణి పిలిచి ఇల్లు శుద్ధి చేయించారు. అత్త కొట్టంలో గోడకు ఆనుకొని కూర్చుంది. ఏడవలేదు. "వదినా, నేను తిన్ననని నువ్వనుకుంటున్నవా?" అని మాత్రం అమ్మను అడిగింది. "నాకెందుకనిపిస్తది సత్తెమ్మా" అంది అమ్మ. "నువ్వొక్కదానివి అనుకోకుంటే ఏమైతది" అంది అత్త.

ఇక్కడిదాకా ఇది మూర్ఖత్వం అని ఊరుకోవచ్చు. శుద్ధి అయిన మరునాడు జరిగినదానికి నా దగ్గర పేరు లేదు. తాతయ్యకు మళ్ళీ ఉల్లిపొరక మీద మనసు పోయింది. కట్టలు వచ్చాయి. విడదీసేవాళ్ళు లేరు. అమ్మమ్మ ఆ కట్టలను చేటలో వేసి, నా చేతికిచ్చి కొట్టం దగ్గరికి పంపించింది. "పప్పుకి వేరే, వేపుడికి వేరే పెట్టమను. బయట కూర్చొని విడదీయడానికి దోషం లేదు" అంది. అత్త చేట ఒళ్ళో పెట్టుకొని ఒక మొక్క తీసింది కూడా. అలవాటు, ఏం చేస్తుంది. మా అమ్మ వచ్చి ఆ చేట ఆమె ఒళ్ళోంచి లాక్కుంది. తిన్నగా లోపలికి తీసుకుపోయి, పిలకలు నేల మీద పడుతున్నా చూడకుండా, అమ్మమ్మ ముందు పెట్టింది.

"తినెటోళ్ళకే తెలుస్తదంటిరి గద చిన్నమ్మా. మీరే తింటరు. మీరే సూడండి" అంది.

మా అమ్మ పెద్దవాళ్ళ ముందు తల ఎత్తి మాట్లాడే మనిషి కాదు. ఆ మధ్యాహ్నమే మా మూటలు కట్టుకొని ఆ ఇల్లు దాటాం. బజారు వెనక ఒక క్రైస్తవ మాస్టారి ఇంట్లో చిన్న గది కిరాయికి దొరికింది. వాళ్ళు మా కులం అడగలేదు, వండుకోవడానికి కట్టెలు ఉన్నాయా అని అడిగారు. సూర్యాపేట నుంచి నాన్న వచ్చి, సంగతి విని, ముందు అమ్మ మీదనే లేచాడు. "గింత దానికి ఇల్లిడిసి వస్తరా? పెద్దోళ్ళు ఒక మాటంటే పడాలె" అన్నాడు. "గింత దానికే మీ సెల్లెను ఎల్లగొట్టిండ్రు" అంది అమ్మ. నాన్న అక్కడే గడప మీద కూర్చుండిపోయాడు. ఆ తర్వాత ఆయన ఎన్నడూ ఉల్లిపొరక వండమని అడగలేదు. అడగకపోవడమే ఆయన చేతనైన క్షమాపణ. నాకు అది చాలదని అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తోంది.

ఆ గదిలో ఒకటే పొయ్యి. మడి లేదు, బావి లేదు, వేరే మూకుడు లేదు. నాన్న సూర్యాపేట తిరిగి వెళ్ళాక ఒకరోజు అమ్మ తనే వండింది. నిజమైన లేత నారు, పెసరపప్పు. మూడు కంచాలలో వడ్డించి, మూడోది అత్త ముందుకు జరిపింది.

"ఈడ అడిగేటోళ్ళెవరు లేరు సత్తెమ్మా. తినకముందే తిన్నవన్నరు. ఇగ తింటే ఏంది?" అంది.

అత్త కంచం వైపు చూసింది. ఆమెకు ఆశ లేదని నేను అనుకోను. ఆ వయసుకు నాకు తిండి ఆశ ఎట్లా ఉంటుందో బాగా తెలుసు, ఆమె ముఖంలో అదే కనబడింది. తర్వాత కంచం మెల్లగా నా వైపు జరిపింది.

"తింటే ఆమె అన్నది నిజమైతది వదినా" అంది. మజ్జిగ పోసుకొని, ఊరగాయ బద్దతో తిని లేచింది.

గొడవలు సద్దుమణిగాక సూర్యాపేట తిరిగి వచ్చాం. అత్త చాలా కాలం బతికింది, సగం మా అమ్మ దగ్గర, సగం నా దగ్గర. కాలం మారింది, ఆమె కూడా నా కళ్ళ ముందే మారింది. మడి మానేసింది. ఎవరు వండినా తినేది, హోటల్లో కాఫీ తాగేది, నాతో పాటు మొదటి ఆట సినిమాలకు వచ్చేది, రంగు చీర కట్టుకుంది. దవాఖానలో పడుకున్నప్పుడు పక్క మంచం ముసలమ్మ ఇచ్చిన రొట్టె పంచుకుంది. ఉల్లి ఒక్కటే ముట్టలేదు. మాకోసం మాత్రం చలికాలం వస్తే చేట ముందేసుకొని కూర్చునేది. ఇప్పుడు సూర్యాపేటలో పెద్ద దుకాణానికి పోతే ఉల్లిపొరక ప్లాస్టిక్ కాగితంలో చుట్టి ఉంటుంది, నారూ పిలకలూ అన్నీ ఒకటే పేరు మీద. నా కోడలికి తేడా తెలియదు, నా మనవరాలికి అసలే తెలియదు. దాని మీద నాకు ఫిర్యాదు లేదు. తెలియకపోవడం తప్పు కాదు. తెలిసిన మనిషిని దొంగను చేసి, ఆమె పోయాక ఆ తెలివిని తమ ఇంటి గొప్పగా చెప్పుకోవడం తప్పు. మొన్న మిర్యాలగూడలో విస్తరి ముందు నేను అనలేకపోయిన మాట ఇదే.

కోదాడమ్మమ్మ పోయిందని కబురు వచ్చినప్పుడు అత్త నా దగ్గరే ఉంది. నాకు దుఃఖం కంటే ముందు ఒకరకమైన తేలిక కలిగింది, దాచుకోను. అప్పుడు పొయ్యి మీద ఉల్లిపులుసు మరుగుతోంది.

"ఇగనన్న తిను అత్తా. ఆ మాటన్న మనిషి పోయింది" అన్నాను.

అత్త నా వైపు జాలిగా చూసింది. "అదే బిడ్డా. ఆమె ఉన్నన్ని రోజులు, ఎన్నడో ఒకనాడు 'తప్పైంది సత్తెమ్మా, నువ్వు తినలె' అంటదేమోననుకున్న. ఇగ అనేటోళ్ళు లేరు. నేను తినలేదనేటందుకు నేను తినకుండ ఉండుడొక్కటే సాక్ష్యం" అంది.

ఆ సాక్ష్యం ఆమెను ఎవరూ అడగలేదు. పోయేదాకా ఇస్తూనే ఉంది.